ఇరవై మూడో తారీఖు మందం

వేంగి విశ్వవిద్యాలయం ఫిజిక్స్ శాఖలో తెరేసమ్మ ఉద్యోగం చూడటం. గుణదల నుంచి సిటీ బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తొమ్మిదిన్నరకల్లా మైక్రోస్కోపు ముందు కూర్చునేది. ఐదున్నరకు లేచేది. అట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఆమె చూసేది గాజు ప్లేట్ల మీద పరిచిన ఎమల్షన్‌ని. ఫొటో ఫిల్ము మీద ఉండే పూతలాంటిదే, కాకపోతే బాగా దళసరి. విదేశంలో, కణాలను మహా వేగంతో పరిగెత్తించే ఒక పెద్ద యాక్సిలరేటరు దగ్గర ప్రోటాన్ల ధారకు ఎదురుగా పెట్టి, కడిగి ఆరబెట్టి, పెట్టెల్లో సర్ది పంపేవారు. ఎమల్షన్‌లోంచి దూసుకుపోయిన కణం నల్లటి చుక్కల గీత ఒకటి వదిలిపోతుంది. అది దారిలో ఏ పరమాణువునైనా ఢీకొంటే ఆ చోటు నుంచి గీతలు నాలుగు వైపులకూ చిమ్ముతాయి. ల్యాబులో దాన్ని స్టార్ అనేవారు. ఒక్కో ప్లేటునూ అంగుళం అంగుళం వెతికి, స్టార్ కనిపిస్తే చోటు రాసుకుని, ఒక్కొక్క గీత ఎటు వెళ్ళిందో, ఎంత లోతుకు దిగిందో కొలిచి లాగ్ పుస్తకంలో రాయడం ఆమె పని.

తెరేసమ్మ బీఎస్సీ ఫస్టు క్లాసు. ఎమ్మెస్సీ సీటు వచ్చిన ఏడాదే తండ్రి శౌరయ్యకు రైల్వే లోకోషెడ్డులో కాలు పోయింది. తల్లి అంతకుముందే లేదు. చెల్లెలు సంపూర్ణను చదివించి, టీచరు ట్రైనింగు చేయించి, బాలశౌరి అనే మిషన్ స్కూలు మాస్టారికిచ్చి పెళ్ళి చేసేసరికి తెరేసమ్మకు ముప్పై దాటాయి. తన పెళ్ళి మాట ఇక ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆ ప్లేట్లు విజయవాడ దాకా రావడానికి కారణం ప్రొఫెసర్ బసవయ్య. అది ఎవరూ కాదనలేరు. ఢిల్లీ చుట్టూ తిరిగి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, మూడు మైక్రోస్కోపులు తెప్పించి, ఒక గదికి ఏసీ పెట్టించాడు. ఏసీ మనుషుల కోసం కాదు, ప్లేట్ల కోసం. గాలిలో తేమ ఎక్కువైతే ఎమల్షన్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే లోతు కొలతలన్నీ మారిపోతాయి. అందుకని రోజూ పని మొదలుపెట్టే ముందో ముగించే ముందో ప్లేటు మందం కూడా కొలిచి పేజీ అడుగున రాయమని, తెరేసమ్మ చేరిన మొదటి వారంలోనే నేర్పింది కూడా బసవయ్యే. తర్వాత్తర్వాత ఆయన పుస్తకాలు చూడటం మానేశాడు. ఆమె రాయడం మానలేదు.

లెక్కలు కట్టేది పోలరాజు. కొల్లేటి లంకలో చేపలు పట్టుకునే కుటుంబం నుంచి వచ్చినవాడు, పీహెచ్‌డీకి చేరి మూడేళ్ళవుతోంది. తెరేసమ్మను మొదటి రోజు నుంచీ అక్కా అనేవాడు. స్టార్ చూడటం పుస్తకాల్లో కాక ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యల పొట్లం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాడు. ఏసీ గదిలో ఆ వాసనకు బసవయ్య చిరాకుపడితే ఇద్దరూ తల వంచుకుని నవ్వుకునేవారు.

డెబ్బై ఏడు అక్టోబరులో నలభై ఒకటో ప్లేటులో తెరేసమ్మకు ఒక స్టార్ కనపడింది. దాని గీతల్లో ఒకటి మూడు వందల మైక్రాన్లు, అంటే నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత దూరం, తిన్నగా వెళ్ళి, అక్కడ మూడుగా చీలింది. పుట్టీ పుట్టగానే పగిలిపోయిన కణం. ఆ రోజుల్లో ప్రపంచంలో ల్యాబులన్నీ ఇలాంటి దాని కోసమే వెతుకుతున్నాయి. తెరేసమ్మ మూడుసార్లు చూసి, లేచి వెళ్ళి బసవయ్యను పిలుచుకొచ్చింది. ఆయన మైక్రోస్కోపు మీద వంగి అరగంట దాకా తల ఎత్తలేదు.

"ఇది తెలిసినదాని కంటే బరువైనదైతే, మన పేరు ఉండిపోతుంది," అన్నాడు చివరికి.

మన పేరు అన్న మాట తెరేసమ్మ గుర్తుపెట్టుకుంది.

నవంబరు పంతొమ్మిదిన తుఫాను వచ్చింది. బెజవాడలో చెట్లు, స్తంభాలు పడిపోయాయి. కరెంటు పోయింది. ఆదివారమంతా జనం రేకులు ఏరుకుంటూ గడిపారు. దివిసీమ సంగతి సోమవారానికి గానీ తెలియలేదు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందని, శవాలు పొలాల్లో పడి ఉన్నాయని మంగళవారం నాటికి బస్టాండులో అందరూ చెప్పుకుంటున్నారు. సంపూర్ణ, బాలశౌరి ఉండేది నాగాయలంక అవతల, సముద్రం వైపు ఒక పల్లెలో.

మంగళవారం పొద్దున తెరేసమ్మ సంచితోనే ల్యాబుకు వచ్చింది. కరెంటు వచ్చింది గానీ వచ్చిన ఊపుకు ఏసీ కాలిపోయింది. కిటికీలు తీసి పెట్టారు. గోడలు చెమ్మగా ఉన్నాయి. పోలరాజు లేడు. కొల్లేట్లో తన ఇల్లు ఏమైందో చూడటానికి ఆదివారమే, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"సార్, మా చెల్లెలు దివిసీమలో ఉందండి. ఏ సంగతీ తెలియలేదు. ఇప్పుడే బయల్దేరుతున్నానండి," అంది.

బసవయ్య కాగితాల్లోంచి తల ఎత్తాడు. "రోడ్డు తెగిపోయిందంటున్నారు. వెళ్ళి ఏం చేస్తావు?"

"వెళ్ళినంత దూరం బస్సులో వెళ్ళి ఆపైన నడుస్తానండి."

"నలభై ఒకటో ప్లేటు కొలతలు ముగించి వెళ్ళు. రెండ్రోజుల పని. బయట ఇంకో ల్యాబువాళ్ళు ఇట్లాంటిదే పట్టారని ఉత్తరం వచ్చింది. ఈ వారం సైన్సు పత్రికకు పంపకపోతే మనం ఇక పంపక్కర్లేదు."

"తిరిగొచ్చి చేస్తానండి."

"నీది మూడు నెలలకోసారి పొడిగించే ఉద్యోగం తెరేసమ్మా. వచ్చే నెల మళ్ళీ పొడిగించాలి. రాయాల్సింది నేను."

ఆయన గొంతు పెంచలేదు. అందులో బెదిరింపు ఉన్నట్టు కూడా ఆయనకు తోచి ఉండదు. తెరేసమ్మకు ఇంటి దగ్గర మంచం మీద కూర్చున్న తండ్రి గుర్తొచ్చాడు. సంచి బల్ల కింద పెట్టి మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

మంగళవారం, బుధవారం కూర్చుంది. ఫోకసు పెట్టగానే ఆమెకు తెలిసిపోయింది, ఎమల్షన్ ఉబ్బిందని. గీతలు మామూలు కంటే లోతుగా దిగుతున్నట్టు కనపడుతున్నాయి. అయినా కొలవమన్నది కొలిచింది. బుధవారం సాయంత్రం ఐదు గంటలకు చివరి గీత పూర్తయింది. అలవాటు ప్రకారం ఎమల్షన్ పైపొర మీద ఒకసారి, అడుగున గాజు మీద ఒకసారి ఫోకసు పెట్టి మందం కొలిచి పేజీ అడుగున రాసింది. ఇరవై మూడో తారీఖు, మందం మూడు వందల ఒక మైక్రాను, ఏసీ లేదు. మామూలుగా అది రెండు వందల యాభై ఉండేది.

బసవయ్య వచ్చి నిలబడే, కోణాలూ లోతులూ తన కాగితం మీదికి ఎక్కించుకున్నాడు.

"సార్, మందం..." అనబోయింది.

"అవన్నీ తర్వాత. నువ్విక వెళ్ళొచ్చు. తొందరగా వచ్చెయ్."

గురువారం తెల్లవారుతూనే బయల్దేరింది. బస్సు అవనిగడ్డ దగ్గరికి కూడా వెళ్ళలేదు. బియ్యం మూటలు తీసుకెళ్తున్న లారీ కొంతదూరం ఎక్కించుకుంది. తర్వాత కాలువ గట్టు మీద నడిచింది. ఆ గట్టు మీద చూసినవి తెరేసమ్మ జీవితంలో ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం పల్లె చేరింది. పల్లె లేదు. స్కూలు గోడ ఒకటి, చర్చి గచ్చు మిగిలాయి. గచ్చు మీద కొందరు కూర్చుని ఉన్నారు. అందులో పుల్లయ్య అనే ముసలాయన ఆమె మొహం చూసి తనే లేచి వచ్చాడు.

"టీచరమ్మ అక్కగారా? పోలిక ఉంది," అన్నాడు.

తెరేసమ్మ తల ఊపింది.

"మాస్టారి జాడ తెలీలేదమ్మా. టీచరమ్మ సోమారం దొరికింది, తుమ్మల్లో. ఈ గచ్చు మీదే పడుకోబెట్టి చీర కప్పాం. బెజవాడ నుంచి అక్క వస్తుంది, ఆవిడొచ్చేదాకా ఆగుదాం అని నేనే అన్నాను. బుధారం సాయంత్రం దాకా ఆగాం తల్లీ. ఇంక ఆగేట్టు లేదు. కుర్రోళ్ళు మొత్తం పదకొండు మందిని కలిపి కాల్చేశారు. మనవాళ్ళకు కాల్చే ఆచారం లేదని చెప్పాను. తవ్వితే నీళ్ళొస్తున్నాయి, ఏం చేస్తాం అన్నారు."

"బుధవారం ఎన్ని గంటలకండీ?"

ఆ ప్రశ్నకు ముసలాయన వింతగా చూశాడు. "పొద్దు వాలుతుంటే. ఐదో ఐదున్నరో."

మంగళవారం పొద్దున బయల్దేరి ఉంటే బుధవారం మధ్యాహ్నానికి ఆ గచ్చు దగ్గర ఉండేది. తెరేసమ్మ ఏడవలేదు. బూడిద దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది పదకొండు మందిది. అందులో చెల్లెలి వాటా ఏదో తెలిసే దారి లేదు.

పది రోజుల తర్వాత ల్యాబుకు వెళ్తే బసవయ్య, "విన్నాను. చాలా ఘోరం," అన్నాడు. వెంటనే, "పేపరు పంపించేశాం," అన్నాడు. సంగతి పోలరాజు చెప్పాడు. కణం బరువు తెలిసినవాటికంటే బాగా ఎక్కువ వచ్చింది. కొత్తదని రాశారు. పేపరు మీద రెండే పేర్లు, బసవయ్యది, పోలరాజుది. చివర ధన్యవాదాల్లో తెరేసమ్మ పేరు తను టైపు చేశానని, సారు కొట్టేశారని పోలరాజు నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఏమన్నారు?"

"ప్లేట్లు చూసే స్కానర్లకు థాంక్స్ చెప్పడం మొదలుపెడితే ఏసీ మెకానిక్కుకు కూడా చెప్పాలి అన్నారక్కా."

జనవరిలో ఒకరోజు పోలరాజు థీసిస్ కోసం లెక్కంతా మళ్ళీ రాసుకుంటూ తెరేసమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు.

"సారిచ్చిన కాగితంలో ప్లేటు మందం లేదక్కా. మామూలు రెండు వందల యాభై వేశాను. అంతేగా?"

ఆమె మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. లాగ్ పుస్తకం వాళ్ళిద్దరికీ జానెడు దూరంలో ఉంది.

"సారు ఎట్లా వెయ్యమంటే అట్లా వెయ్యి రాజూ," అంది.

అతను సరేనని వెళ్ళిపోయాడు. ఆమె మాట మీద అతనికి అంత నమ్మకం.

ఆ వారమే తెరేసమ్మ ఇంట్లో, చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు కాగితాల వెనక, లెక్క తనే కట్టింది. ఉబ్బిన ప్లేటులో కొలిచిన లోతులకు మామూలు మందం వేస్తే ఉన్న లోతు కంటే ఎక్కువ వస్తుంది. లోతు ఎక్కువైతే గీతల మధ్య కోణాలు పెద్దవవుతాయి. కోణాలు పెద్దవైతే కణం బరువు పెరుగుతుంది. మూడు వందల ఒకటి వేసి కడితే ఆ కణం అందరికీ తెలిసిన కణమే. మూడుసార్లు కట్టింది. మూడుసార్లూ అదే వచ్చింది. కాగితాలు మడిచి బైబిలు కింద పెట్టింది. ఆ రోజు, తుఫాను తర్వాత మొదటిసారి, అన్నం సరిగ్గా తింది.

ఇప్పుడే చెబితే బసవయ్య సర్దుకుంటాడు. నాలుగు లైన్ల ఉత్తరం రాసి దిద్దుకుంటాడు, పైగా నిజాయితీపరుడని పేరు కూడా తెచ్చుకుంటాడు. ఆయన ఇంకా పైకెక్కాలి. ఎక్కనివ్వాలి.

బసవయ్య ఎక్కాడు. పేపరు అచ్చయింది. దినపత్రికల్లో ఫొటో వేశారు. ఊళ్ళో పెద్దలు శాలువా కప్పారు, మంగళగిరిలో ఇంకొకరు కప్పారు. విశ్వవిద్యాలయం ఒక కొత్త పరిశోధన కేంద్రం పెడుతుందని, దానికి ఆయనే డైరెక్టరని అనుకున్నారు. ప్రతి సన్మానానికీ తెరేసమ్మ వెళ్ళింది. వెనక వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. పత్రికల్లో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి దాచింది. తండ్రి ఒకసారి అడిగాడు, "నీకంత అన్యాయం చేసిన మనిషి మీద అంత అభిమానమేంటే?" అని.

"అభిమానం కాదు నాన్నా, చూస్తున్నాను," అంది.

పోలరాజుకు చెప్పాలని రెండుసార్లు అనిపించింది. ఒకసారి అతను వాళ్ళ నాన్న వేసిన వలలో పడ్డ కొరమేను బతికుండగానే బిందెలో పెట్టుకుని బస్సులో తెచ్చిచ్చినప్పుడు. ఇంకోసారి థీసిస్ టైపింగుకిచ్చిన రోజు. చెబితే ఆ కుర్రాడు తిన్నగా బసవయ్య దగ్గరికే వెళ్తాడని ఆమెకు తెలుసు. చెప్పలేదు.

డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో, గుణదల తిరునాళ్ళ వెళ్ళిన వారానికి, విశ్వవిద్యాలయంలో సెమినారు పెట్టారు. దేశం నలుమూలల నుంచీ నలభై మంది దాకా వచ్చారు. వాళ్ళలో అందరూ గౌరవించే మనిషి సంజీవరావు. బందరు ఆయన, బొంబాయిలో స్థిరపడ్డాడు, ఎమల్షన్ మీద ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం అతిథులందరికీ నలభై ఒకటో ప్లేటును మైక్రోస్కోపులో చూపించాలని బసవయ్య ఏర్పాటు చేశాడు. చూపించడానికి తెరేసమ్మ తప్ప ఎవరున్నారు. ఆమె మంగళగిరి చీర కట్టుకుని వచ్చింది. ప్లేటు అమర్చింది. స్టార్‌ను మధ్యకు తెచ్చింది. పక్కన లాగ్ పుస్తకం పెట్టింది.

సంజీవరావు కళ్ళజోడు తీసి వంగాడు. చాలాసేపు ఫోకసు పైకీ కిందికీ తిప్పుతూ చూశాడు.

"చీలిక చాలా స్పష్టంగా ఉందమ్మా. ఎవరు పట్టారు దీన్ని?"

"నేనేనండి."

"కొలిచింది?"

"నేనేనండి. ఆ రోజు పుస్తకం ఇక్కడే ఉంది. చూస్తారా?"

అట్లా అడిగితే వద్దనే మనిషి కాదాయన. పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకే దిగుతూ వచ్చాడు. అడుగున వేలు ఆగింది.

"మందం మూడు వందల ఒకటా? పేపర్లో రెండు వందల యాభై అని రాశారే."

"ఆ రోజు అంతేనండి. తుఫాను పోయిన నాలుగో రోజు. ఏసీ కాలిపోయింది. తేమకు ఉబ్బింది."

గదిలో పదిహేను మంది ఉన్నారు. సంజీవరావు కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి చిన్న కాలిక్యులేటరు తీసి, సెమినారు కార్యక్రమం కాగితం వెనక లెక్క మొదలుపెట్టాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంటసేపూ తెరేసమ్మ బసవయ్య మొహమే చూసింది. మొదట అందులో ఏమీ లేదు. తర్వాత ఆయన కళ్ళు పుస్తకం మీదికి, అక్కడి నుంచి తెరేసమ్మ మీదికి వచ్చాయి. ఆయనకు ఆ సాయంత్రం గుర్తొచ్చిందని ఆమెకు తెలిసింది. ఈ ఒక్క క్షణం కోసమే పదిహేను నెలలు కాచుకుని కూర్చుంది. అనుకున్నంత తియ్యగానే ఉంది.

"బసవయ్య గారూ, ఇది మామూలు కణమేనండి. కొత్తది కాదు," అన్నాడు సంజీవరావు, కాగితం ఆయన ముందుకు జరిపి. "మందం చూసుకోలేదా మీరు?"

బసవయ్య కాగితం వెనక్కి నెట్టాడు. "లెక్కంతా మా స్టూడెంటు చేశాడండి. ఏమయ్యా పోలరాజూ, మందం చూడకుండానే వేశావా?"

పోలరాజు గోడకు ఆనుకుని ఉన్నాడు. "మీరిచ్చిన కాగితంలో మందం లేదండి."

"లేకపోతే అడగాలా వద్దా? ఇన్నేళ్ళు నీకు నేర్పిందేంటి?"

అందరూ పోలరాజు వైపు తిరిగారు. అతను తెరేసమ్మ వైపు చూశాడు. ఒక్క మాట చాలు, అడిగాను అనే మాట. అతను అనలేదు. ఆమె పేరు చెప్పకూడదనే నోరు మూసుకున్నాడని ఆమెకు అర్థమైంది. తల వంచుకుని, "తప్పేనండి," అన్నాడు.

పదిహేను నెలల్లో అన్నీ ఆలోచించిన తెరేసమ్మ ఇది ఆలోచించలేదు. బసవయ్య భుజాలు అప్పుడే కొంచెం సర్దుకున్నాయి. మచ్చ కుర్రాడి మీదికి జరిగిపోతోంది.

"అడిగాడండి," అంది తెరేసమ్మ. "నన్నడిగాడు. నేను చెప్పలేదు."

సంజీవరావు ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే సారు దిద్దుకునేవారండి."

"విన్నారుగా," అన్నాడు బసవయ్య. "కావాలని చేసింది."

"కావాలనే చేశానండి. కొలత మాత్రం సరిగ్గా కొలిచాను. రాయాల్సిన చోట రాశాను. ఈ పుస్తకం అప్పటి నుంచీ ఈ బల్ల మీదే ఉంది, సారుగారు ఒక్కరోజు కూడా తెరవలేదు. ఆ రెండ్రోజులు దివిసీమలో మా చెల్లెల్ని వెతకడానికి సెలవడిగానండి. ఇది కొలిచి వెళ్ళమన్నారు. నేను ఈ మందం రాస్తున్న వేళకు అక్కడ ఆమెను ఊరివాళ్ళతో కలిపి కాల్చారు. నా కోసమే అప్పటిదాకా ఆపారట."

సంజీవరావు పుస్తకం మూసి రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. టీ తాగడానికి పిలుస్తున్నారని ఎవరో అంటే, ఆ మాట దొరికినందుకు అందరూ బయటికి నడిచారు.

సాయంత్రం బసవయ్య తన గదికి పిలిపించాడు. రేపటి నుంచి రానక్కర్లేదని రాసిన కాగితం ఇచ్చాడు. ఆమె తీసుకుని వెళ్ళబోతుంటే ఆపి అడిగాడు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది.

"ఒక్కటి చెప్పు తెరేసమ్మా. నువ్వు రెండ్రోజులు ముందు వెళ్ళి ఉంటే నీ చెల్లెలు బతికేదా?"

"లేదండి. మొహం చూసేదాన్ని," అంది.

పేపరును వెనక్కి తీసుకున్నట్టు ఆ ఏడాది అదే సైన్సు పత్రికలో వచ్చింది. విదేశం నుంచి ప్లేట్లు రావడం ఆగిపోయింది. పరిశోధన కేంద్రం వేరే శాఖకు వెళ్ళింది. బసవయ్య ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. కానీ సెమినారు గదిలో జరిగింది హాస్టలు దాకా పాకి, విద్యార్థులు ఆయనకు మందం మాస్టారు అని పేరు పెట్టారు. ఫిజిక్స్ తెలియని వాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలిచేవారు, దానికి వేరే అర్థం చెప్పుకుని. క్లాసులో నల్లబల్ల మీద ఎవరో రోజూ మూడు వందల ఒకటి అని రాసి పెట్టేవారట. ఆయన చెరిపి పాఠం మొదలుపెట్టేవాడట. ఈ సంగతులు ల్యాబు అటెండరు గుణదల వచ్చి చెబితే తెరేసమ్మ శ్రద్ధగా విని, ఇంకా ఏం జరిగిందని అడిగేది.

ఆమెకు ఒక ఆస్పత్రిలో రక్తం స్లైడులు చూసే పని దొరికింది. మైక్రోస్కోపు ముందే, కాకపోతే మలేరియా కోసం.

పోలరాజు సెమినారు అయిన పది రోజులకు ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. శౌరయ్య మంచం మీంచి పలకరిస్తే దణ్ణం పెట్టి, ఆమెతో వాకిట్లోకి నడిచాడు.

"థీసిస్ వెనక్కి తీసుకున్నాను," అన్నాడు. "ఇంకో రెండేళ్ళన్నా పడుతుంది. మా నాన్న లంకలో అందరికీ చెప్పుకున్నాడు, ఈ ఎండాకాలానికి మావాడు డాక్టరవుతాడని. మందులిచ్చే డాక్టరు కాదు నాన్నా అంటే, ఏదో ఒక డాక్టరేగా అంటాడు."

"తెలుసు రాజూ."

"నేనడిగిన రోజు నువ్వు నా మొహం కూడా చూళ్ళేదు. అప్పుడే నాకు తట్టాల్సింది."

"నీకు చెబితే నువ్వెళ్ళి ఆయనకు చెబుతావు."

"చెబుతాను. చెప్పాలి కదా."

"అందుకే చెప్పలేదు."

అతను కొండ మీది మేరీమాత గుడి వైపు తిరిగాడు. మెట్ల మీద ఎవరో కొవ్వొత్తులు పట్టుకుని ఎక్కుతున్నారు.

"ఆయన నిన్నట్లా చేశాడు. నేనేం చేశాను నిన్ను?"

"మిగిలిన ప్లేట్లు ఉన్నాయిగా. ఆదివారాలు వచ్చి కూర్చుంటాను. నీకు ఎన్ని స్టార్లు కావాలంటే అన్ని కొలిచిపెడతాను," అంది.

"నువ్వు కొలిస్తే నేను నమ్మొద్దూ," అని అతను గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చింది అక్టోబరులో. చేతిలో ఆ సైన్సు పత్రిక కాగితం, పేజీన్నర. నలభై ఒకటో ప్లేటు కొలతను సవరిస్తూ అతనే రాశాడు. బసవయ్య సంతకం పెట్టనంటే, ఆయన పేరు లేకుండానే పంపాడు. పైన రెండు పేర్లున్నాయి. రెండోది తెరేసమ్మది, ఇంటిపేరుతో సహా.

"కొలత నీది. మందం కూడా నువ్వే రాశావు. అందుకని వేశాను, అంతే. ఇంకేం అనుకోకండి," అన్నాడు. నువ్వుతో మొదలుపెట్టి అండీతో ముగించాడు.

"చేపల కూర వండాను. తిని వెళ్ళు."

"హనుమాన్ జంక్షన్ బస్సు ఇంకో పావుగంటలో ఉందండి. అది తప్పితే కైకలూరుకు ఇక దొరకదు."

అతను వెళ్తుంటే తెరేసమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పిలవాలనుకుంది. పిలిచి తప్పైపోయిందని చెప్పాలనుకుంది. చెబితే అతను ఆగేవాడు, ఆమెకు తెలుసు. కానీ ఆ జనవరి మళ్ళీ వచ్చి, పోలరాజు మళ్ళీ బల్ల దగ్గర నిలబడి మందమెంతక్కా అని అడిగితే, తను మళ్ళీ కన్నెత్తకుండా అదే మాట చెబుతుందని కూడా ఆమెకు తెలుసు. బసవయ్య మీద పగ తీరలేదు, తీరాలని ఆమె కోరుకోవడం కూడా లేదు. అది మనసులో పెట్టుకుని ఈ కుర్రాడికి క్షమాపణ చెప్పడం అబద్ధమవుతుంది. అబద్ధం కొలత ఆమె ఏనాడూ రాయలేదు.

అతను మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్ళి తండ్రికి అన్నం పెట్టింది.